గోడ ఒరిగితే వాన మీదకి నెట్టేయడమేనా?

సంపాదకులకు,

మా గెడ్డ (వాగు) పక్క రోడ్డు మట్టి జారకుండా కట్టిన రిటైనింగ్ వాల్ ఒరిగిన వార్త పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చింది. 'భారీ వర్షాలే కారణం' అని అధికారులు సెలవిచ్చారట. 2018లో తిత్లీ తుపానుకి కూడా కదలని పాత రాతికట్టు పీకేసి మరీ కట్టిన గోడ అది!

వెళ్లి చూడండి. గోడ పైఅంచుకీ తారుకీ మధ్య అరచెయ్యి దూరేంత సందు. ఎండాకాలంలోనే ఉంది, అప్పుడు ఏ వాన కురిసిందట? నీళ్లు పోయే వీప్ హోల్స్ పైపులేమో పూత పని రోజే సిమెంటుతో పూడిపోయాయి.

అసలు సంగతి బళ్లు. క్వారీల నుంచి గ్రానైట్ బ్లాకుల లారీలు, ఇసుక టిప్పర్లు ఆ గోడ అంచునే పోతున్నాయి. వంతెన పక్క గోడలకైతే, పైన తిరిగే బళ్ల కోసం మరో 1.2 మీటర్ల మట్టి ఎత్తు కలిపి లెక్కవేయమని, రోడ్లు, వంతెనలకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. రోడ్డు గోడకీ అదే పద్ధతి. ఉత్త మట్టి ఒత్తిడి పైన తక్కువ, కింద ఎక్కువ. బళ్ల వల్ల వచ్చేది పైనుంచి కిందిదాకా ఒకేలా ఉంటుంది. పది అడుగుల గోడకి ఇది కలిపితే పక్కకి తోసే బలం దాదాపు 80 శాతం పెరుగుతుంది, గోడని బోర్లా పడదోసే శక్తి రెట్టింపు దాటుతుంది. డిప్లొమా పిల్లలు చేసే లెక్క ఇది. పైగా నాలుగు టైర్ల ఇరుసు మీద పరిమితిని 2018లోనే 10.2 టన్నుల నుంచి 11.5కి పెంచారు. అది కాగితం మీది మాట. మన లారీలు ఎంత ఎక్కిస్తున్నాయో తనిఖీ చేసేవాళ్లకే తెలియాలి.

డ్రాయింగు చూపించమంటే ఏ ఆఫీసులోనూ లేదు. పాతరోజుల్లో ఓవర్సీరు కర్ర పట్టుకుని పని దగ్గర నిలబడేవాడు, ఇప్పుడు ఫొటో తీసి గ్రూపులో పెడితే తనిఖీ అయిపోయినట్టే. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ప్రారంభోత్సవం శిలాఫలకం మాత్రం నిటారుగా ఉంది, దానికి ఏ లెక్కలు వేశారో!

ఇప్పుడు అవే కొలతలతో మళ్లీ ఎస్టిమేట్ వేస్తున్నారని వింటున్నాం. అందులో బళ్ల బరువు పట్టారో లేదో పైఅధికారులు సంతకం పెట్టేముందు చూడాలి. అందాకా లారీలని గోడ వైపు రాకుండా ఆపండి. నాలుగు డ్రమ్ములు అడ్డం పెట్టడానికి టెండరు పిలవక్కర్లేదు కదా.

– రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా