అమ్మకు తల తిరగడం గురించి

నాయనా,

నేను ఇక్కడ బాగున్నాను. కువైట్‌లో ఎండలు అప్పుడే మొదలయ్యాయి. డ్యూటీ ఎప్పటిలాగే ఉంది, జీతం పడింది, పంపించాను, తమ్ముడి ఫీజు కట్టగా మిగిలింది మీ దగ్గరే ఉంచుకోండి. రాయాల్సింది అమ్మ గురించి.

ఫోన్‌లో చెబుదామంటే నువ్వు సరే సరే అంటావు, అమ్మేమో నాకేం లేదులే అని ఫోన్ చిన్నమ్మ చేతికి ఇచ్చేస్తుంది. అందుకే రాస్తున్నా. తమ్ముడితో ఒకసారి గట్టిగా చదివించుకో, అమ్మ కూడా వినాలి.

అమ్మకు మంచం మీద పక్కకు తిరిగినా, మిద్దె మీద బట్టలు ఆరేస్తూ తల పైకెత్తినా ఇల్లు గిర్రున తిరుగుతుంది, నిమిషం లోపే ఆగిపోతుంది, తర్వాత కాసేపు కడుపులో తిప్పుతుంది. నేను అన్నిసార్లు గుచ్చి గుచ్చి అడిగింది ఇది తెలుసుకోవడానికే. ఎంతసేపు తిరుగుతుంది, ఏం చేస్తే తిరుగుతుంది, చెవిలో ఏమన్నా తేడా ఉందా, మా ఆసుపత్రిలో ఈఎన్‌టీ, అంటే చెవి ముక్కు గొంతు ఓపీలో డాక్టర్లు ముందు అడిగేవి ఇవే. అమ్మ చెప్పినదాన్ని బట్టి ఇది బీపీపీవీ అనే చెవి సమస్యలాగా ఉంది. లోపలి చెవిలో కంటికి కనపడనంత చిన్న సున్నపు రేణువులు ఉంటాయి. వయసు మీద పడేకొద్దీ, ఒక్కోసారి తలకు దెబ్బ తగిలినా, అవి ఉన్నచోటు నుంచి ఊడి పక్కనున్న సన్నని గొట్టాల్లో పడతాయి. తల తిరిగిన సంగతి మెదడుకు చెప్పేది ఆ గొట్టాల్లోని నీరే. రేణువులు జారుతూ ఆ నీటిని కదిలిస్తే, తల కదలకున్నా తిరుగుతున్నట్టే మెదడుకు కబురు పోతుంది. రేణువులు కిందికి చేరి నిలబడగానే తిప్పుడు ఆగుతుంది. యాభై దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ, ప్రాణానికి భయం లేదు.

మెడ ఎక్స్‌రే తీసి ఎముక అరిగిందని మెడకు పట్టీ ఇచ్చారు కదా, ఆ వయసులో ఎవరికి తీసినా ఎంతోకొంత అరుగుదల కనిపిస్తుంది నాయనా. ఆ ఫిల్మ్‌ను బట్టి తిప్పుడు మెడ నుంచే వస్తోందని చెప్పలేం. బీపీ అని పక్కింటి వాళ్లు అంటున్నారంట, కూర్చున్న మనిషి లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మితే బీపీ చూసుకోవాలి, పడుకున్న మనిషి పక్కకు ఒత్తిగిలితే తిరిగేది అది కాదు.

ఇంకో మాట, చిన్నమ్మ మాత్రలు అమ్మ వేసుకోవడం ఆపించండి. చిన్నమ్మది మీనియర్స్ జబ్బు. ఆమెకు వస్తే గంటల తరబడి ఉంటుంది, చెవి దిబ్బడ వేస్తుంది, హోరు పెడుతుంది, ఆ చెవి వినికిడి తగ్గుతుంది. ఉప్పు తగ్గించమన్నది ఆమెకే, ఆవకాయ పక్కన పెట్టాల్సింది కూడా ఆమే. తిప్పుడు మాత్రలు రోజూ మింగితే అమ్మ రేణువులు వెనక్కి పోవు, ఊరికే మత్తు, ఆ మత్తులో రాత్రి బాత్రూంకు లేచి పడితే తుంటి ఎముకకే ముప్పు.

మందు లేకుండా ఎట్లా తగ్గుతుంది అన్నావు. నేను రోజూ చూస్తున్నాను. మనిషిని మంచం మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు సగం తిప్పి, తల మంచం అంచు దాటి కొంచెం వాలేటట్టు గబుక్కున వెనక్కి పడుకోబెడతారు, కళ్లు మూసుకోవద్దంటారు. రెండు మూడు సెకన్లు ఏమీ ఉండదు, తర్వాత కనుగుడ్లు అదురుతూ తిరుగుతాయి. ఏ పక్క వాల్చినప్పుడు అట్లా అయితే ఆ చెవే. ఆ తర్వాత తలను అట్లే మెల్లగా రెండో పక్కకు తిప్పి, కాసేపు ఆగి, మనిషిని ఆ పక్కకు దొర్లించి ముక్కు నేల చూసేలా ఉంచి, మళ్లీ కాసేపు ఆగి లేపి కూర్చోబెడతారు. రేణువులు వచ్చిన దారినే బయటికి జారిపోతాయి. అమెరికాలో ఎప్లీ అనే డాక్టర్ దీన్ని 1992లో పత్రికలో రాశాడు. చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గిపోతుంది, కొందరికి మళ్లీ రావచ్చు, వస్తే మళ్లీ చేస్తారు. వీడియోలు చూసి తమ్ముడు ఇంట్లో చేయకూడదు, ఏ చెవో తెలియాలి, అమ్మ మెడ సంగతి కూడా డాక్టర్ చూడాలి. రిమ్స్ పెద్దాసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీకి తీసుకుపో.

అక్కడ కూర్చుని చెప్పడం సులభం అన్నావే, ఆ మాట నాకు చాలా బాధ అనిపించింది. రాలేక కాదు, సెలవు ఇవ్వరు, అడిగే ఉన్నాను. అమ్మ పడిపోతుందేమోనని నాకు ఇక్కడ నిద్ర పట్టదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. తిప్పుడుతో పాటు మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనపడినా, చెయ్యి కాలు పట్టు తప్పినా, పట్టుకోకుండా నిలబడలేకపోయినా చెవి అని ఆలోచిస్తూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. అది పక్షవాతం కావచ్చు.

ఉగాదికి అవ్వ వచ్చిందంట, మోకాళ్లు ఎట్లా ఉన్నాయి?

నీ చెవుల గురించి కూడా చెప్పనీ. టీవీ అంత గట్టిగా పెడతావని తమ్ముడు చెప్పాడు. మాట వినపడుతుంది కానీ ఏమన్నారో తెలియదు అంటావు కదా, వయసుతో ముందు సన్నని శబ్దాలు పోతాయి, అందుకే అట్లా. అగ్గిపుల్లతో గెలకొద్దు, గుమిలి లోపలికి పోతుంది. అమ్మతో పోయినప్పుడే నువ్వు కూడా ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించుకో. ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి వినపడకుండా పోతే మాత్రం జలుబులే అనుకోకుండా ఆ రోజే డాక్టర్‌కు చూపించు, ఆలస్యమైతే మందు సరిగా పని చేయకపోవచ్చు.

ఈ లోపు అమ్మను నిచ్చెన, అటక ఎక్కనీయొద్దు. రాత్రి చిన్న లైటు ఉంచండి. ఆసుపత్రికి ఆటోలో పోండి, బండి వెనక కూర్చోబెట్టొద్దు. ఏ చెవి అన్నారో ఆ రోజే తమ్ముడితో వాయిస్ పెట్టించు, డ్యూటీలో ఉన్నా వింటాను.

మీ
సుజాత