ఆ 41 రిపోర్టుల గురించి

మా ల్యాబ్‌కు మొక్కల సారాలు పంపే ఫార్మసీ కాలేజీల వాళ్లకు, హెర్బల్ మందుల వాళ్లకు నమస్కారం. గత రెండు నెలల్లో కాకినాడ నుంచి మేం పంపిన 41 ఆర్టీమియా రిపోర్టులను వెనక్కి తీసుకుంటున్నాను. ఆర్టీమియా అంటే ఉప్పునీళ్లలో బతికే, రొయ్యలాంటి చిన్న జీవి. సారం ఎంత మోతాదులో దాని పిల్లల్ని చంపుతుందో చూసి, విషం ఎంతో చెప్పేదే ఈ పరీక్ష. వాటిని థీసిస్‌లో వాడకండి.

ఈ తప్పు పట్టుకున్నది నేను కాదు, ఒక ఎం.ఫార్మ్ అమ్మాయి. ఒకే సారాన్ని రెండు సీసాల్లో పోసి, వేరే వేరే పేర్లు రాసి, నెల తేడాతో పంపింది. మొక్క పేరు చెప్పను, అది ఆమె థీసిస్. సగం పిల్లలు చావడానికి మిల్లీలీటరుకు 140 మైక్రోగ్రాములు పట్టిందని మొదటి రిపోర్టులో రాశాం. రెండో దాంట్లో 310 అని రాశాం. "సార్, రెండూ ఒకటే" అని ఫోన్లో మెల్లగా చెప్పింది. అరిచి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదు. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి కదా, ముందు ఆమెనే అనుమానించాను. ఫ్రిజ్‌లో పెట్టావా అమ్మా అని అడిగాను. పెట్టిందట.

ఆ రాత్రే పొటాషియం డైక్రోమేట్‌తో పరీక్ష పెట్టాను. దాని విషం ఎంతో ముందే తెలుసు కాబట్టి, పిల్లల్లో తేడా ఉంటే అక్కడ బయటపడుతుంది. సగం పిల్లలు చావడానికి మా దగ్గర లీటరుకు 30 నుంచి 40 మిల్లీగ్రాముల మధ్య వచ్చే అంకె 61కి వెళ్లింది. అంటే ఈ పిల్లలు విషాన్ని మామూలు కంటే ఎక్కువ తట్టుకుంటున్నాయి. ఈ పరీక్ష నెలకోసారి పెట్టాలని నేనే రాసుకున్నాను. పని ఒత్తిడిలో రెండు నెలలు ఎగ్గొట్టిందీ నేనే.

ఇక ఆ పిల్లలు వచ్చిన ఆర్టీమియా గుడ్ల డబ్బా సంగతి. గుడ్లు అమెరికాలోని ఉప్పు సరస్సువని, హ్యాచింగ్ (గుడ్లు పగిలి పిల్లలు రావడం) 90 శాతమని లేబుల్ మీద ఉంది. ఉప్పునీళ్లలో, 28 డిగ్రీల్లో, లైటు కింద పెట్టి చూస్తే మర్నాటికి సగం కూడా పగల్లేదు. మిగతావి ఆ తర్వాతి రోజంతా ఒకటీ రెండూ పగులుతూనే ఉన్నాయి. ఈ పిల్లల్ని మేతగా వాడే రొయ్యల హ్యాచరీకి ఇది కొంత నష్టం, అంతే. మాకు మాత్రం కొంప మునిగినట్టే. అప్పుడే పుట్టిన పిల్లకు నోరు తెరుచుకోదు. లోపలి పచ్చసొన మీదే బతుకుతుంది, భూతద్దంలో నారింజ చుక్కలా కనిపిస్తుంది. కొన్ని గంటలకు ఒకసారి కుబుసం విడిచాక నోరు తెరుచుకుంటుంది. ఒళ్లు పారదర్శకంగా మారి, మధ్యలో పేగు సన్నటి దారంలా కనిపిస్తుంది. అప్పుడే విషం లోపలికి బాగా వెళ్లేది. మేం గుడ్లు నానబెట్టిన 48 గంటలకు పిల్లల్ని ఎత్తుతాం. ఈ డబ్బా పిల్లల్లో నోరు తెరవనివి కలిసిపోయాయి. అవి చావలేదు, మీ సారం బలహీనమని రిపోర్టు వెళ్లింది.

సరఫరాదారుకు ఫోన్ చేస్తే "మీ నీళ్లలో ఉప్పు సరిగ్గా లేదేమో సార్" అన్నాడు. నాకు! లీటరుకు 35 గ్రాములు నా చేత్తో తూచి కలుపుతాను. పాత డబ్బాలో చెంచాడు గుడ్లు మిగిలితే, వాటినీ అదే నీళ్లలో పక్కనే పెట్టాను. తెల్లారేసరికి దాదాపు అన్నీ పగిలాయి. ఫోటో పంపాను. జవాబు లేదు.

నిజం చెప్పాలంటే, ఫోన్ చేసిన ఆ ఒక్కమ్మాయికి మళ్లీ పరీక్ష చేసిచ్చి ఊరుకుందామని మూడు రోజులు ఆలోచించాను. 41 పరీక్షలు ఉచితంగా అంటే మాకు నెల రోజుల పని. వైవాలు అయిపోయిన వాళ్లను కదపడం ఎందుకని కూడా అనిపించింది. మా ఆవిడ "ఆ అమ్మాయి నలుగురికి చెప్పదా?" అంది. అందుకు కాదు. రిజిస్టర్‌లో ఆ పేజీ తిప్పినప్పుడల్లా నా సంతకం కనిపిస్తోంది.

ఈ పరీక్షను ఒక పద్ధతిలో పెట్టాలన్న గొడవ కొత్తది కాదు. 1981లోనే బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీ వాళ్లు పిల్లల వయసుతో సహా ఒక పద్ధతి ప్రతిపాదించారు. మీ థీసిస్‌లన్నిటిలో కనిపించే మిల్లీలీటరుకు 10, 100, 1000 మైక్రోగ్రాముల మోతాదులు 1982లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు రాసినవి. 2017లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ కూడా ఆర్టీమియా మీద ఒక పత్రం తెచ్చింది, కాకపోతే అది నానో పదార్థాలకు. మొక్కల సారాల దగ్గరికి వచ్చేసరికి ఎవరి వంట వారిదే. నా వంట ఇకపై ఇలా ఉంటుంది. రెండు గంటల వ్యవధిలో పగిలిన పిల్లల్నే వేరు చేసి, అక్కణ్ణుంచి గంటలు లెక్కపెడతాం. ప్రతి బ్యాచ్ పక్కన డైక్రోమేట్ ఉంటుంది, ఆ అంకె మీ రిపోర్టులోనే వేస్తాం. సారం వేయని వయల్స్‌లో (చిన్న సీసాల్లో) పది శాతం మించి పిల్లలు చస్తే ఆ రోజు పరీక్ష చెత్తబుట్టకే. పది సెకన్లు చూసినా కదలనిదే చచ్చినట్టు లెక్క.

దీనివల్ల రిపోర్టుకు ఒక రోజు ఎక్కువ పడుతుంది. "రేపే కావాలి సార్" అనేవాళ్లు ఇంకో ల్యాబ్ చూసుకోవచ్చు. ధర పెంచడం లేదు.

పాత రిపోర్టు నంబరు వాట్సాప్ చేస్తే చాలు. సారం మిగిలి ఉంటే ఐదు మిల్లీలీటర్లు పంపండి, ఉచితంగా చేసిస్తాం. అయిపోయి ఉంటే డబ్బు వెనక్కి. వైవా అయిపోయినవాళ్లు గైడ్‌కు చూపించడానికి ఉత్తరం కావాలంటే, తప్పు మాదేనని రాసి సంతకం పెట్టి ఇస్తాను. ఆ అమ్మాయి శాంపిల్ నిన్న మళ్లీ పెట్టాను, ఈసారి మూడు సీసాలు పంపింది. మూడూ ఒకటేనో కాదో చెప్పలేదు, నేనూ అడగలేదు.