సున్నాలు రాస్తే చాలదు, మెమరీకి చేరాలి

సంపాదకుల వారికి నమస్కారం.

బ్యాంకు యాప్ మూసేశాక స్క్రీన్ మీద కనిపించిన వివరాలు మెమరీలో మిగిలిపోతాయా, వేరే యాప్ వాటిని చూడగలదా అని ఆదివారం మీ పేజీలో ఒక పాఠకుడు అడిగారు. ఆపరేటింగ్ సిస్టమ్ అక్కడి పాత వివరాలు చెరిగిపోయేలా సున్నాలు రాశాకే ఆ మెమరీని ఇంకొకరికి ఇస్తుంది కాబట్టి భయం లేదని మీరు జవాబిచ్చారు. జవాబు తప్పు కాదు, కానీ మధ్యలో ఒక మెట్టు వదిలేశారు. బెంగళూరులో పదిహేనేళ్లుగా గ్రాఫిక్స్ డ్రైవర్లు, అంటే స్క్రీన్ మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, రాస్తున్నాను. నా పనంతా ఆ మెట్టు దగ్గరే.

మాది హిందూపురం. నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. పగలంతా లెక్కలు చిట్టాలో రాసుకుని, రాత్రి కొట్టు కట్టేశాక ఆవర్జాలోకి ఎక్కించేవారు. సాయంత్రం నాలుగింటికి ఎవరైనా ఆవర్జా ఒక్కటే తెరిస్తే, పొద్దున్నే బాకీ తీర్చేసిన మనిషి పేరు మీద కూడా పాత బాకీయే ఉంటుంది. కంప్యూటర్‌లో లెక్కలు చేసే ప్రధాన చిప్, అంటే సీపీయూ, చేసేదీ ఇదే. ఏది రాసినా ముందు తన క్యాచీలో, అంటే తన దగ్గరే ఉండే చిన్న వేగమైన మెమరీలో, రాసుకుంటుంది. మెమరీకి అది తర్వాతెప్పుడో చేరుతుంది. సున్నాలైనా అంతే. ఈలోపు గ్రాఫిక్స్ చిప్ క్యాచీని అడగకుండా నేరుగా మెమరీని చదివితే, అక్కడ ఇంతకు ముందు వాడినవాళ్ల డేటా అలాగే ఉంటుంది. అందుకే చిప్ చేతికి ఇచ్చే ముందు క్యాచీలో ఉన్నదాన్ని మెమరీకి పంపాలి. దీన్నే ఫ్లష్ అంటాం.

దీనికి చాలా సమయం పడుతుంది. క్యాచీ డేటాను లైన్లనే చిన్న ముక్కలుగా పంపుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఒక క్యాచీ లైన్ అంటే 64 బైట్లు. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీది ఒక్క బొమ్మకు, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, 1,29,600 లైన్లు అవుతాయి. అందుకే వేగం పెంచాలనుకునే వాళ్ల కన్ను ముందు ఫ్లష్ మీదే పడుతుంది.

నేను ఇంతకు ముందు పనిచేసిన సంస్థలో అదే జరిగింది. కొత్తగా చేరిన కుర్రాడు ఫ్లష్ చేసే రెండు లైన్ల కోడ్ అనవసరమనుకుని తీసేశాడు. వాటి పైన ఒక్క ముక్క వివరణ లేదు. రివ్యూ చేసిన ఇద్దరిలో నేనూ ఉన్నాను, సరేనన్నాను. కొన్నాళ్లకు టెస్టింగ్ టీం నుంచి ఒక ఫొటో వచ్చింది. నల్లగా ఉండాల్సిన కొత్త విండోలో, అంతకు ముందు మూసేసిన ఫారంలోని అక్షరాలు గీతలు గీతలుగా కనిపిస్తున్నాయి. కారణం తెలియడానికి తొమ్మిది రోజులు పట్టింది. చివరికి గీతల పొడవు కొలిచాం. ప్రతిదీ 16 పిక్సెళ్లు, లేదా దానికి రెట్టింపు, మూడు రెట్లు. 16 పిక్సెళ్లంటే 64 బైట్లు, సరిగ్గా ఒక క్యాచీ లైన్. అదృష్టం కొద్దీ అది టెస్టింగ్ కోసం నింపిన ఉత్తుత్తి ఫారం. ఒక మనిషి ఆధార్ వివరాలో, ఆస్పత్రి రిపోర్టో అయ్యుంటే? ఆ టెన్షన్ నన్ను చాలాకాలం వదల్లేదు.

ఆ కుర్రాడిది తప్పని నేను ఇప్పటికీ అనను. ఆ రెండు లైన్లు ఎందుకున్నాయో రాసిపెట్టని మాది తప్పు.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఇలాంటి చిక్కే ఉండేది. గ్రాఫిక్స్ చిప్ ఎటూ సీపీయూ క్యాచీని చూస్తుంది కదా అని కొన్నిచోట్ల డ్రైవర్ ఫ్లష్ మానేసేది. కానీ ఇంటెల్ వారి జాస్పర్ లేక్, ఎల్కార్ట్ లేక్ అనే చిప్‌లలో, ఆ క్యాచీని దాటేసి మెమరీనే చదవమని మామూలు ప్రోగ్రామ్ కూడా చెప్పగల వీలుంది. అందుకని ఆ చిప్‌ల మీద డ్రైవర్ మెమరీ పేజీలు (మెమరీ ముక్కలు) తీసుకున్నప్పుడే ఫ్లష్ చేయక తప్పదు. 2021లో ఆ డ్రైవర్ రాసే ఇంజనీర్లు ఈ కారణాన్ని కోడ్‌లోనే పేరాలకు పేరాలు వివరంగా రాశారు: ఏ చిప్, ఏ దారిలో పాత డేటా బయటపడొచ్చు, సున్నాలు రాసినా ఎందుకు చాలదు అని. ఇక ఎవరైనా ఆ ఫ్లష్ తీసేయాలంటే ముందు ఆ పేరాలు కళ్లబడతాయి. మా రెండు లైన్ల పైన అలాంటిది నాలుగు వాక్యాలున్నా ఆ కుర్రాడు ఆగేవాడు.

మన దగ్గర ఈ పనికి విలువ లేదు. డాక్యుమెంటేషన్ అంటే గుమస్తా పని అనుకుంటారు. మా టైమ్‌షీట్‌లో దానికి గడి కూడా ఉండేది కాదు. ఇంజనీరింగ్ కాలేజీల్లో నాలుగేళ్లూ ల్యాబ్ రికార్డు అంటే సీనియర్ది చూసి దించేయడమే. ‘ఈ లైన్ ఎందుకు రాశావు’ అని అడిగేవాళ్లుండరు. మన ఊళ్ల నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు ఇక్కడికొచ్చి ఈ ఉద్యోగాల్లో చేరుతున్నారు. మీ చదువుల పేజీలో కోడింగ్ భాషల గురించి ఎన్నో వ్యాసాలు వేస్తారు. కారణం రాసిపెట్టడం గురించి కూడా ఒకటి వేయండి. అవసరమైతే నేనే రాసిస్తాను.

ఆ పాఠకుడికిచ్చిన జవాబును మాత్రం వచ్చే ఆదివారం కాస్త సవరించండి. ‘సున్నాలు రాసి, అవి క్యాచీ నుంచి మెమరీకి చేరాయని చూసుకున్న తర్వాతే ఇంకొకరికి ఇవ్వాలి’ అని వేస్తే చాలు.

— ఒక డ్రైవర్ ఇంజనీరు,
మారతహళ్లి, బెంగళూరు