నిన్నటి పోటీలో ఏం జరిగిందంటే

విజయవాడ,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేదు, కోపం తెచ్చుకోకు. నా పెన్షన్ కాగితాలు, అమ్మ కంటి ఆపరేషన్, పెద్దాడి ఇల్లు మార్పు అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. అమ్మ బాగుంది, నిన్ను అడిగింది. మిగతావి ఫోన్లో చెబుతా. నిన్న జరిగింది మాత్రం ఇప్పుడే చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు.

మొగల్రాజపురం వైపు ఒక కాలేజీలో వక్తృత్వ పోటీ. నన్ను జడ్జిగా పిలిచారు. విషయం: 'పాకిస్తాన్‌తో మాటలు ఆపాలా, సాగించాలా?' ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా? మైకు, ఈలలు, చప్పట్లు. బాపట్ల కప్పు నాటి గోల గుర్తు తెచ్చుకో, చాలు. అందుకే ప్రిన్సిపాల్ గారిని ఒప్పించి ముందే ఒక నియమం పెట్టించాను. ఎదుటివాళ్ళు ఏమన్నారో ముందు నువ్వు చెప్పాలి. 'అవును, నేనన్నది అదే' అని వాళ్ళు ఒప్పుకున్నాకే నీ జవాబు. ఇది నేను కనిపెట్టింది కాదులే. అమెరికా, రష్యా అణుబాంబులు పోగేసుకుంటూ ఒకరినొకరు తిట్టుకునే రోజుల్లో అనటోల్ రాపొపోర్ట్ అనే గణితవేత్త చెప్పిన పద్ధతి.

ఫైనలియర్ కుర్రాడొకడు లేచాడు. గొంతు చూడాలి! 'మాటలంటే లొంగిపోవడమే' అన్నాడు. హాలు దద్దరిల్లింది. అంతకుముందు మాట్లాడిన అమ్మాయిది గుంటూరు. ఆ అమ్మాయి వాదన నువ్వు చెప్పు అన్నాను.

'శత్రువుని క్షమించమంటోంది సార్.'
'నేనలా అనలేదు' అందా పిల్ల.
'మన సైన్యం మీద నమ్మకం లేదంటోంది.'
'అదీ అనలేదు.'

ఈలలు ఆగిపోయాయిరా. వాడు కాసేపు కాగితం వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి, 'తప్పు చేసినవాళ్ళని వదలొద్దంటోంది, కానీ రెండు సైన్యాల మధ్య ఫోను మాత్రం ఎప్పుడూ తెగకూడదంటోంది' అన్నాడు. ఆ అమ్మాయి తలూపింది.

తర్వాత వాడి వాదన చెప్పడం ఆ అమ్మాయి వంతు. అక్కడే నాకు గుండె పట్టేసింది. 'పహల్గాంలో 26 మంది పోయారు, అందులో మన కావలి, విశాఖ వాళ్ళూ ఉన్నారు. ఊరుకుంటే మళ్ళీ వస్తారని తన భయం. ఆ భయం నాకూ ఉంది' అంది. వాడు అవునని కూడా అనలేకపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ తర్వాతే అసలు చర్చ మొదలైంది. అదే పిల్ల 2022 మార్చి 9 సంగతి ఎత్తింది. మన క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్ళి పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడిందే, అది. ప్రాణనష్టం లేదు. రెండ్రోజులకు మనవాళ్ళు పొరపాటేనని ఒప్పుకున్నారు, ఆగస్టులో ముగ్గురు వైమానిక దళం అధికారులను తీసేశారు. 'ఆ రెండు రోజులూ రెండు వైపులా టీవీలు యుద్ధం యుద్ధం అని అరిచి ఉంటే?' అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు.

నాకు 2025 మే గుర్తొచ్చింది. కరాచీ రేవు నాశనమైందని మన టీవీలు రాత్రంతా ఊదరగొట్టాయి, అక్కడేమీ కాలేదు. మే 10 మధ్యాహ్నం పాకిస్తాన్ డీజీఎంవో, అంటే సైనిక చర్యలు చూసే పెద్ద అధికారి, మన డీజీఎంవోకి ఫోన్ చేశాకే కాల్పులు ఆగాయి. ఆ మాట దేశానికి చెప్పిన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీని ఎన్ని తిట్లు తిట్టారు! ఆయన కుటుంబాన్ని కూడా వదల్లేదు. ఆయన చేసిందల్లా ప్రభుత్వ నిర్ణయం చదవడం. ఇలా అయితే రేపు ఏ నాయకుడు ఒకడుగు వెనక్కి వేయడానికి సాహసిస్తాడు చెప్పు? 1962లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకీ ఈ భయమే. రష్యా క్యూబా నుంచి క్షిపణులు తీసేసింది, అమెరికా కూడా టర్కీలో తనవి తీసేస్తానంది, కానీ ఆ రెండోది బయటపెట్టొద్దని షరతు. ఇచ్చిపుచ్చుకున్నామని ఒప్పుకుంటే ఇంట్లోనే పరువు పోతుందని! దాంతో మొండిగా నిలబడితే చాలు, గెలుస్తామనే పాఠమే జనానికి మిగిలింది. నాకు దిగులు అక్కడేరా. యుద్ధం సరిహద్దులో మొదలవుతుందంటాం గానీ, వెనక్కి తగ్గే దారి మాత్రం మన టీ కొట్టు దగ్గర, మన వాట్సాప్‌లోనే మూసుకుపోతోంది. నువ్వూ నేనూ మాట్లాడే...

సరే, బహుమతి ఎవరికని అడుగుతావు. ఇద్దరికీ కలిపి ఇమ్మన్నాను. కమిటీ వాళ్ళు రూల్సు ఒప్పుకోవన్నారు, గంటసేపు వాదించాను. చివరికి ఆ అమ్మాయికి మొదటిది, వాడికి రెండోది. వాడు వెళ్తూ నా నంబరు తీసుకున్నాడు. ఈ నియమం వాళ్ళ హాస్టల్లో ఎన్నికల చర్చలకి కూడా పెడతాడట. వచ్చే నెల గుంటూరులో మనవాళ్ళ కలయికకు నువ్వు వస్తావుగా, అక్కడా పెడదాం. నీకూ మన 'హైకోర్టు'కీ మధ్య ముందు మొదలెడదాం, ముప్పై ఏళ్ళ బాకీ అది! వాడికి నేను చెబుతాను, నువ్వు మాత్రం

పెద్దాడు కారు తీసి హారన్ కొడుతున్నాడు, అమ్మకి కంట్లో చుక్కల మందు అయిపోయిందట, షాపు మూసేలోగా వెళ్ళాలి. వదినని అడిగానని చెప్పు.

నీ
మూర్తి