లోగో చూసి గుమ్మం దగ్గర ఆపకండి: సమాచార శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సమాచార, పౌర సంబంధాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తాను. నాకు ఏ ఛానలూ లేదు, ఏ పత్రికతోనూ సంబంధం లేదు. సోషల్ మీడియాను కట్టడి చేయడానికి కొత్త చట్టం తెస్తారన్న మాట కొన్నాళ్లుగా వినిపిస్తోంది. అది చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందోనన్న టెన్షన్‌తో ఈ ఉత్తరం రాస్తున్నాను.

సీజన్‌లో పొద్దున్నే మా యార్డుకు వస్తే టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య ఫోన్ పట్టుకుని తిరిగే కుర్రాళ్లు కనిపిస్తారు. ఒక్కో లాటు దగ్గర ఆగుతారు. రైతును అడిగి గుప్పెడు కాయ చేతిలోకి తీసుకుని, ఎండకు తిప్పి రంగు చూపిస్తారు. ఒక కాయ విరిచి నెమ్ము ఉందో లేదో చెబుతారు. ఇది తేజ రకం, ఇది 341, ఇది బాడిగ, ఇది తాలు (రంగు పోయిన నాసి కాయ) అని విడివిడిగా చెప్పి, ఎంతకు అడిగారో ఆ రైతు నోటితోనే చెప్పిస్తారు. పేపర్లోనూ ధరల పట్టీ వస్తుంది, కనిష్ఠం ఇంత, గరిష్ఠం ఇంత అని. ఆ రెండింటి మధ్య వేల రూపాయల తేడా ఉంటుంది. సరుకు లారీకి ఎక్కించాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలా అని రాత్రంతా తేల్చుకోలేని నంద్యాల రైతుకో, ఖమ్మం రైతుకో ఆ పట్టీతో ఏం తెలుస్తుంది? తన కాయలాంటి కాయ ఇవాళ ఎంతకు పోయిందో తెలియాలి. అది ఆ కుర్రాడి వీడియోలో ఉంటుంది. ఇప్పుడు మా కొట్టుకొచ్చే రైతులు ఫోన్ తీసి ముందు పెట్టి, "నిన్న ఇదే కాయకు అంత పలికింది కదా, నాకెందుకు ధర కోశారు?" అని అడుగుతున్నారు. కొట్లో కూర్చున్నవాళ్లకు అది ఇబ్బందే. అయినా అడగాల్సిన ప్రశ్నే అది. ఇన్నేళ్లూ అడగడానికి వాళ్ల దగ్గర ఆధారం ఉండేది కాదు.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టి, రైతును ఆదుకోవడానికి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. టీవీల్లో ఆ అంకె రోజంతా తిరిగింది. ఏ నాయకుడు ఢిల్లీకి ఎన్ని లేఖలు రాశాడో కూడా తిరిగింది. అదే రోజుల్లో యార్డులో ఏ రకం ఎంతకు తెగిందో, రైతు చేతికి ఎంత వచ్చిందో చూపించింది మాత్రం ఈ ఫోన్ల వాళ్లే.

విజయవాడ వరద సంగతి కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచెత్తినప్పుడు మా చెల్లెలి కుటుంబం పాయకాపురంలో మేడ మీద ఉండిపోయింది. పెద్ద ఛానళ్లు సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర్నుంచి లైవ్ ఇస్తున్నాయి. కొందరు విలేకరులు పడవెక్కి లోపలికీ వెళ్లారు, వాళ్లకు దండం పెట్టాలి. కానీ ఏ సందులో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయి, ఏ మేడ మీద పసిబిడ్డ ఉంది, ఎక్కడికి పాలు అందలేదు అన్నది ఎదురింటి మేడ మీద నిలబడి వీడియో తీసిన పిల్లల వల్లే మాకు తెలిసింది. చెల్లెలి ఫోన్ ఆఫ్ అయిపోయాక, గుంటూరులో కూర్చున్న మేము ఆ వీడియోల్లో వాళ్ల మేడ పిట్టగోడ కోసం వెతుక్కున్నాం. బుడమేరు కట్ట మళ్లీ తెగిందన్న పుకారు పుట్టింది కూడా ఫోన్లోనే. జనం మూటలు సర్దుకున్నారు. అధికారులు అబద్ధమని చెప్పారు. ఆ మాట మా వాళ్లు నమ్మింది మాత్రం, తెలిసిన పేటవాడొకడు కట్ట దాకా వెళ్లి తీసిన వీడియో చూశాకే.

మంత్రి గారూ, నేను పెద్ద పత్రికలను తక్కువ చేయడం లేదు. వాటిని చదువుతూనే పెరిగినదాన్ని. తెలుగు పత్రికలకు విజయవాడ పుట్టిల్లులాంటిది. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి అక్కడే మొదలయ్యాయి. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం వచ్చింది. గాంధీనగర్‌లోని సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో ఏ బొమ్మ ఏ ఊళ్లో ఆడాలో నిర్ణయమయ్యేది. ఏది వార్త, ఏది పాట, ఏది మంచి తెలుగు అన్నది దాదాపు కొన్ని వీధుల్లోనే తేలిపోయేది. దాని వల్ల మేలే జరిగింది. చదివే అలవాటు ఊరూరికీ పాకింది. నష్టమూ జరిగింది. మా కృష్ణా, గుంటూరు వాళ్ల మాటే అసలు తెలుగు అయింది. సీమ యాస సినిమాలో విలన్‌కీ, ఉత్తరాంధ్ర యాస నవ్వించే పాత్రకీ మిగిలాయి. మాకు అది తప్పుగా కూడా తోచలేదు, ఎందుకంటే మా మాటను ఎవరూ వెక్కిరించలేదు.

ఇప్పుడు ఎమ్మిగనూరు రైతు మా యార్డులో నిలబడి తన మాటలో తాను మాట్లాడుతున్నాడు. దాన్ని ఎవరూ దిద్దడం లేదు, కింద నవ్వు సంగీతం కలపడం లేదు. లక్షల మంది సూటిగా వింటున్నారు. పాడేరు అమ్మాయి వంట చేసి చూపిస్తే గుంటూరులో నేర్చుకుంటున్నారు. పెద్ద సంస్థలకు ఇది రుచించకపోవడం నాకు అర్థమవుతుంది. ప్రభుత్వానికి ఎందుకు రుచించకూడదో మాత్రం అర్థం కావడం లేదు.

మన జిల్లా చరిత్రే ఒకసారి గుర్తు చేసుకోండి. బుర్రకథ అంటే షేక్ నాజర్ గారు. ఆయనది పొన్నెకల్లు, ఇక్కడికి దగ్గరే. జనానికి అర్థమయ్యే మాటల్లో రాజకీయం చెబుతోందని బుర్రకథను ఒకప్పుడు అటు మద్రాసులోనూ ఇటు నిజాం రాజ్యంలోనూ నిషేధించారు. అదే నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవాళ సర్కారు పథకాల ప్రచారానికి కూడా బుర్రకథే కావాలి. నిషేధించిన నాటికీ, సన్మానించిన నాటికీ మధ్య ఎంతమంది కళాకారులు ఎన్ని బాధలు పడ్డారో ఎవరూ లెక్క రాయలేదు.

ఫోన్లో చెత్త లేదని నేను అనను. చావును కూడా థంబ్‌నెయిల్ చేసి అమ్ముకునేవాళ్లు ఉన్నారు. ఆడవాళ్ల ఫొటోలు పెట్టి నోటికొచ్చినట్టు రాసేవాళ్లు ఉన్నారు, వాళ్లకు అన్ని పార్టీల్లోనూ పోషకులున్నారు. బండికి ప్రెస్ అని స్టిక్కర్ అతికించుకుని కొట్ల దగ్గర మామూళ్లు అడిగేవాళ్లను నా కళ్లారా చూశాను. వాళ్లను వదలమని ఎవరూ అడగరు. బెదిరించి డబ్బు గుంజితే ఆ నేరానికి చట్టం ఉంది. అసభ్యానికి ఐటీ చట్టంలో సెక్షన్ ఉంది. పరువు తీస్తే దానికీ ఉంది. వాటిని పార్టీ చూడకుండా వాడితే చాలు. అదే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ మాటేమైందో మీకు తెలుసు. ఏది నేరమో స్పష్టంగా చెప్పకుండా జనం నోరు నొక్కుతోందని 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2019లో ఇక్కడ జీవో 2430 తెచ్చి, వార్తల మీద కేసులు పెట్టించే అధికారం శాఖల కార్యదర్శులకు ఇచ్చారు. అప్పుడు ప్రతిపక్షంలో ఉండి దాన్ని ఖండించిన నాయకులే ఇప్పుడు ప్రభుత్వంలో ఉన్నారు. అప్పటి వాళ్ల మాటలను నేను నిజంగానే నమ్మాను. ఇప్పుడూ ఆ మాట మీదే నిలబడమని అడుగుతున్నాను.

మా యార్డు కుర్రాళ్లలో ఒకడు ఒక ఆఫీసు ప్రెస్ మీట్‌కు వెళ్తే, "యూట్యూబ్ వాళ్లు బయట ఉండండి" అన్నారట. డిగ్రీ చదివిన పిల్లవాడు, సీజన్‌లో ఒక్క రోజు మానకుండా యార్డుకు వస్తాడు, ఇంతవరకు ఎవరి దగ్గరా రూపాయి అడిగినట్టు వినలేదు. లోపలికి వెళ్లినవాళ్లలో యార్డు మొహం చూడనివాళ్లు కూడా ఉన్నారు. 1867 నాటి పత్రికల చట్టం స్థానంలో 2023లో తెచ్చిన కొత్త చట్టం కూడా అచ్చు పత్రికల నమోదు గురించే తప్ప, ఇలాంటివాళ్ల గురించి మాట్లాడదు. విలేకరులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుల నిబంధనలు ఎలా ఉన్నా, గుమ్మం దగ్గర మాత్రం చేతిలో మైకు లోగో చూసే లోపలికి పంపుతున్నారు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఒక విషయం మీద క్రమం తప్పకుండా పనిచేస్తూ, పేరూ చిరునామా దాచుకోకుండా, తప్పు వస్తే సరిదిద్దుకునేవాళ్లను మార్కెట్ యార్డులోకి, మున్సిపల్ సమావేశానికి, కలెక్టరేట్ ప్రెస్ మీట్‌కు రానివ్వండి. ఎంతమంది ఫాలో అవుతున్నారన్నది లెక్కలోకి తీసుకోవద్దు, అది డబ్బుతో కొనుక్కునే సరుకైపోయింది. ఒక వార్త తప్పని మీ అధికారులకు అనిపిస్తే ముందు సరైన సమాచారం ఇచ్చి దిద్దమని అడగమనండి. అడగకుండానే తెల్లవారుజామున పోలీసులు తలుపు తట్టే పద్ధతి ఆగాలి. మాటకు సంబంధించిన చాలా కేసుల్లో ఎఫ్ఐఆర్‌కు ముందే ప్రాథమిక విచారణ చేయడమే సబబని 2025 మార్చిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

వ్యవసాయ శాఖతో మాట్లాడి, యార్డులో ఏ లాటు ఏ రకం, ఎంతకు తెగిందో అదే రోజు సాయంత్రానికి అందరికీ కనపడేలా పెట్టించండి. అప్పుడు ఏ వీడియోలో ధర నిజమో, ఏది వ్యూస్ కోసం చెప్పిందో రైతే సరిచూసుకుంటాడు. పుకారుకు ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు. ప్రభుత్వ ప్రకటనల డబ్బు ఏ పత్రికకు, ఏ ఛానల్‌కు, ఏ డిజిటల్ సంస్థకు ఎంత వెళ్తోందో కూడా అలాగే పెట్టండి.

కొత్త చట్టం తేవడం తప్పదని మీరు అనుకుంటే, దాని ముసాయిదాను అసెంబ్లీకి తీసుకెళ్లే ముందు తెలుగులో బయటపెట్టండి. ఇంగ్లీషు పీడీఎఫ్ ఒకటి వెబ్‌సైట్ మూలన పెట్టి వారం గడువు ఇస్తే అది అభిప్రాయ సేకరణ కాదు. కనీసం రెండు నెలలు సమయమివ్వండి. ఒక సమావేశం విజయవాడలో పెడితే ఇంకొకటి మా మిర్చి యార్డులో పెట్టండి. రైతులనూ, ఆ కుర్రాళ్లనూ పిలవండి. నేనూ వచ్చి మాట్లాడతాను.

ఇట్లు,
మిర్చి యార్డు దగ్గర లెక్కలు రాసే ఒక గుంటూరు మహిళ