పలెర్మోలో మా అమ్మ కడుపు నింపిన తమ్ముడికి

ఇటలీలోని సిసిలీ ద్వీపంలో ఉన్న పలెర్మోలో, బల్లారో మార్కెట్ దగ్గర మా తెలుగు విని, "అక్కా, ఏం వెతుకుతున్నారు?" అంటూ ఆగిన తమ్ముడూ, నీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

మా అమ్మ మాంసం, చేప ముట్టదు. సిసిలీలో ఆవిడకి ఏం పెట్టాలా అని నాకు ఒకటే టెన్షన్. నువ్వు నేరుగా పనెల్లె అమ్మే బండి దగ్గరికి తీసుకెళ్లావు. శనగపిండిని నీళ్లలో ఉడికించి, పల్చగా పరిచి, గట్టిపడ్డాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారని ఓపిగ్గా చెప్పావు. నువ్వులద్దిన బన్నులో ఆ వేడి ముక్కలు పెట్టి, పైన నిమ్మకాయ పిండి ఇస్తే అమ్మ ఇంకోటి అడిగి మరీ తింది.

స్ఫించోనె అనే మందపాటి పిజ్జా చూడ్డానికి శాకాహారమే అనిపిస్తుంది. ఉల్లి, టమాటాల్లో ఆంకోవీ చేప కలుస్తుందని ముందే చెప్పి పెద్ద మేలు చేశావు. వంకాయ, సెలెరీ, ఆలివ్‌లు, కేపర్లతో (ఊరబెట్టిన చిన్న పూమొగ్గలు) పుల్లపుల్లగా తియ్యగా చేసే కపొనాతా మాత్రం చల్లారాకే తినాలన్నావు. ఎంత నిజమో!

వెళ్తూ వెళ్తూ "మాంసం, చేప వద్దు" అని ఇటాలియన్‌లో చీటీ రాసిచ్చావు. తర్వాత కాపో మార్కెట్‌లో అదే చూపించి తిన్నాం.

నిండు నూరేళ్లు చల్లగా ఉండు నాయనా అని అమ్మ చెప్పమంది.