బీరువా మీద డబ్బా

సంపాదకుడు గారికి,

గట్టి వాన పడితే మా ఇంటి దగ్గరి అండర్ బ్రిడ్జి కింద నడుం లోతు నీళ్లు నిలుస్తాయి. మా అబ్బాయి ఎంటెక్ ప్రాజెక్టుకి దాన్నే తీసుకున్నాడు. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో నీటి మట్టం కొలిచే సెన్సార్, బ్యాటరీ, పైన వేలెడంత యాంటెన్నా. నీళ్లు పెరిగితే డబ్బా కబురు పంపాలి, నీళ్లు తోడే మోటారు దానంతటదే ఆన్ కావాలి. ల్యాబులో బకెట్టు మీద పెడితే బ్రహ్మాండంగా పనిచేసింది. వైవా అయింది, మార్కులొచ్చాయి. డబ్బా మా బీరువా మీదికెక్కింది.

అండర్ బ్రిడ్జి దగ్గర నెల్లాళ్లు పెట్టి చూస్తానని అడిగితే, ఆ పర్మిషన్ ఎవరివ్వాలో తేలేలోపు సెమిస్టరే అయిపోయింది. సరే, మా మేడ మీద పెట్టాడు. నెల తిరక్కుండానే ఉప్పుగాలికి తీగల కొసలు చిలుము పట్టాయి. ఏసీ ల్యాబులో ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఫోన్లు ఎలా మూగబోయాయో విశాఖవాసులకు చెప్పక్కర్లేదు. అందుకే వాడు సిమ్ వద్దని లోరా రేడియో పెట్టాడు. కొద్దిపాటి కరెంటుతో చిన్న కబుర్లను కిలోమీటర్ల దూరం పంపుతుంది. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ దగ్గర, నిర్ణీత పవర్ దాటకుండా, దీన్ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. అయితే కొండ అడ్డొస్తే సిగ్నల్ తగ్గిపోతుంది. మనకేమో ఎటు చూసినా కొండే!

అసలు చిక్కు మోటారు దగ్గర. ఒకే మట్టం దగ్గర ఆన్, ఆఫ్ రెండూ పెడితే నీళ్లు కదిలినప్పుడల్లా అది టకటకా కొట్టుకుంటుంది. ఆన్‌కి పై మట్టం, ఆఫ్‌కి కింది మట్టం అని రెండు పెడితే ఆ గొడవ తీరింది. మరి కబురే రాకపోతే? నీళ్లు లేవనుకోవాలా, సెన్సార్ పోయిందనుకోవాలా? పది నిమిషాలకోసారి డబ్బా ‘ఉన్నాను’ అనాలి, అనకపోతే మనిషికి ఫోన్ వెళ్లాలి అని రాశాడు. అది నిజమైన వానలో నిలుస్తుందో లేదో వాడికీ తెలీదు.

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మనది. ఇలాంటి డబ్బాలు ఇంకెన్ని ఇళ్లలో ఉన్నాయో! మన నగరపాలక సంస్థ జీవీఎంసీ ఒక అండర్ బ్రిడ్జి, ఒక గెడ్డ (వాగు), నాలుగు కరెంటు స్తంభాలు పరిశోధక విద్యార్థులకు చూపించాలి. పర్మిషన్‌కి ఒకే అధికారి, పదిహేను రోజుల గడువు ఉంటే చాలు. డబ్బులు అడగడం లేదు. కాలేజీలు కూడా ఒక వానాకాలం బయట పెట్టి చూసిన ప్రాజెక్టుకి ఆ మేరకు మార్కులివ్వాలి.

ఈ వానలకే చోటు చూపిస్తే డబ్బా కిందికి దించుతాం. తీగలు మాత్రం కొత్తవి వేయాలి.

ఇట్లు,
ఒక తండ్రి, విశాఖపట్నం